నేను దాచుకున్న భళా

గొంతు పండాలని మా అక్క తక్ బున్నే జిరి కొండల్లో జలపాతం కింద నూరు రోజులు పాడింది. తొంభయ్యో రోజున జలపాతమే కాసేపు ఆగి విన్నదని నేనంటే మా ఊరు కురేలో అందరూ నవ్వుతారు. నవ్వనీండి. నెత్తురు కక్కిందన్నది మాత్రం నిజం. గొంతు వాచినప్పుడు మరుగుదొడ్డి గుంటలో వెదురుబొంగు దించి, అందులోకి ఊరిన నీళ్లు మందని ముక్కు మూసుకుని తాగిందన్నదీ నిజం. ఆ గిన్నె అందించింది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే అన్నం సహించదు.

ఆ కష్టంలోంచి ఒక ఘట్టం పుట్టింది. రేవులో ఒంటరిగా మిగిలిన పిల్ల, దాటిపోయిన పడవను పిలుస్తుంది. మేము పాడే పాత కథలో అది రెండు మాటల్లో అయిపోయేది. అక్క దాన్ని అరగంట పాటగా కట్టింది. ఆ మరుసటి చలికాలమే క్షయతో పోయింది.

మా పాటవాళ్లలో ఒక మర్యాద ఉంది. ఇంకొకరు కట్టిన ఘట్టం పాడేముందు చేతిలోని విసనకర్ర మూసి, "ఇది ఫలానా వారిది" అని చెప్పి పాడాలి. అక్కతో ఒకే గురువు దగ్గర నేర్చుకున్న క్వాక్ తేబోంగ్ ఆ ఘట్టంతోనే పెద్దవాడయ్యాడు. ఎక్కడ పాడినా "ఇది నేను జలపాతం కింద కూర్చుని కట్టుకున్నది" అనేవాడు. స్నానానికి కూడా నీళ్లంటే భయపడే మనిషి!

ఇరవై ఆరేళ్లు ఓర్చుకున్నాను. ఊరికే కాదు, డోలు నేర్చుకుంటూ.

క్వాక్ షష్టిపూర్తి వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు వాడి డోలువాడు మా పెరట్లోని పచ్చి పర్సిమన్ కాయలు పద్నాలుగు తిన్నాడు. వగరు కాయలు. కడుపు బిగుసుకుపోయి, కూర్చోలేక నిలబడలేక మూలిగాడు. బుట్ట నిండా పంపింది నేనే గానీ, నోట్లో నేను కుక్కలేదు కదా!

క్వాక్ నాకు కబురు పెట్టాడు. వెళ్లాను.

"ఒరేయ్ మన్సిక్, నీ పెళ్లాం గురకకు తప్ప దేనికైనా తాళం వేశావట్రా ఎప్పుడైనా?"

"ఆ గురకకు వేసినవాడు దేనికైనా వేస్తాడు, తేబోంగన్నా."

నవ్వి, డోలు నా ముందుకు తోశాడు.

డోలువాడికి చేతులతో సగం పనే. మిగతా సగం నోటితో. పాట ఊపిరి తీసుకునే సందులో "భళా!" అనాలి. అది పడితే జనం అందుకుంటారు, గాయకుడి గొంతు లేస్తుంది. అది పడకపోతే, పాటలోనే ఏదో తేడా ఉందనుకుని జనమూ నోరు మెదపరు.

వాడి పెరట్లో, పగటి ఎండలో, చాపల మీద, మకొల్లి అనే బియ్యపు కల్లు గిన్నెల మధ్య ఊరంతా కూర్చుంది. మొదట్లో నేను బాగానే భళాలు వేశాను. వాడికి రుచి తగలాలి కదా. రేవు ఘట్టం వచ్చింది. వాడు విసనకర్ర విప్పి, "ఇది నేను జలపాతం కింద..." అన్నాడు.

నేను నోరు మూశాను.

తాళం మాత్రం తప్పలేదు. వెంట్రుకంత కూడా తప్పలేదు. వాడు పడవను పిలిచాడు, ఆగాడు. భళా లేదు. ఇంకోసారి పిలిచాడు. లేదు. పెరట్లో కోడి మాత్రం కూసింది. చాపల మీద జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గొంతులో చేపముల్లు పడిందేమో పాపం," అంది ఆర్చిపేట అవ్వ, అందరికీ వినబడేలా.

వాడి మెడ మీద చెమట. పాడుతూనే నా వైపు తిరిగి, విసనకర్ర అడ్డం పెట్టుకుని పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"ఏరా, నోరు పడిపోయిందా?"

"ఎవరిదో చెప్పన్నా."

"ఇక్కడా? నా పండగ రోజునా?"

"మా అక్క పేరుకు ఒక్క పండగైనా లేకుండా చేశావు కదా."

వాడు ఇంకొక చరణం లాగాడు. పైస్థాయికి వెళ్లేసరికి గొంతు చిరిగిన కాగితంలా పలికింది. ముందు వరసలో పెద్దమనుషులు గిన్నెల్లోకి చూస్తున్నారు. నేను మెల్లగా, మర్యాదగా, తాళం వేస్తూనే ఉన్నాను.

వాడు ఆగాడు. విసనకర్ర మూశాడు.

"ఇది... తక్ బున్నే కట్టింది," అన్నాడు. "ఆవిడ పోయాక నాదని చెప్పుకున్నాను."

మళ్లీ మొదలెట్టాడు. ఈసారి బాగా పాడాడు, పాడు మనిషి. జీవితంలో అంత బాగా ఎన్నడూ పాడి ఉండడు. సందు వచ్చింది. ఆశగా నా నోటి వైపు చూశాడు.

"భళా, బున్నే అక్కా!" అని అరిచాను.

ఆర్చిపేట అవ్వ చాప మీద అరచేత్తో కొట్టింది. "భళా బున్నే!" తర్వాతి సందులో పెరడంతా అందుకుంది. ఆపైన ప్రతి సందులోనూ అదే. వాడి షష్టిపూర్తిలో, వాడి గొంతు మీద, వాడి అన్నం తిన్నవాళ్ల నోట మా అక్క పేరు.

వాడు పాడుతూ పాడుతూ నా వైపు చూశాడు. కళ్లతోనే చాలించమన్నాడు.

నేను డోలు మీద ఇంకో దెబ్బ వేశాను.

"పాడన్నా," అన్నాను. "ఇంకా పావుగంటుంది."