వట్టి గంపకి ఆశీలు

పున్నయ్య కుడిచేత్తో చద్దన్నం తింటున్నాడు, ఎడమచేత్తో తాడు పట్టుకునే ఉన్నాడు. తాడు వదిలితే గేటు లేచిపోతుంది మరి. వెదురు గడకి పొట్టి కొసన రుబ్బురోలంత రాయి కట్టారు. పొడుగు కొస తాడు పున్నయ్యది. పన్నెండేళ్లుగా పట్టీ పట్టీ ఆ అరచెయ్యి పాత తోలుచెప్పులా తయారైంది.

తెనాలి స్టేషను నుంచి మార్కెట్టుకు పోవాలంటే ఆ కాలవ వంతెన దాటాల్సిందే. రిక్షాకి ఆశీలు కట్టాలి, సైకిలు మీది గడ్డిమోపుకి కట్టాలి, ఆడమనిషి నెత్తిమీది గంపకీ కట్టాలి. వేలంపాటలో ఆశీలు గేటు దక్కించుకున్న జనార్దనరావు బాపట్ల నుంచి కారులో వస్తే మాత్రం గడా లేవాలి, పున్నయ్యా లేవాలి. ఆయన బావమరిది జీపుకీ అంతే. వంతెన మీద గుంటలు ఎవరి బరువుకి పడ్డాయో, వాటిలో పడి లేచే రిక్షావాళ్లనడగాలి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పున్నయ్యా ఒకప్పుడు రిక్షా తొక్కినవాడే. దగ్గు పట్టుకున్నాక ఈ తాడు పట్టుకున్నాడు. అప్పట్నుంచీ పాత నేస్తాలు అతని బీడీ ముట్టలేదు.

పొద్దున తొలి పాసింజరుకి రేపల్లె నుంచి చేపలు తెచ్చిన రాహేలు, సాయంత్రం వట్టి గంపతో తిరిగొచ్చింది. బండి ఆలస్యమై సరుకు మెత్తబడింది. ఎవరూ కొనక మార్కెట్టు వెనక పారబోసింది.

"పొద్దున కట్టాగా బాబాయ్. వట్టి గంపకేంటి?"

గేటు పక్క పాకలో ఆశీలు రాసే గుమాస్తా తలెత్తలేదు. "వట్టిదైనా గంప గంపే. డబ్బుల్లేకపోతే అక్కడ పెట్టిపో."

"పెట్టిపోతే రేపు చేపలు దేంట్లో తేవాలండి, మీ నోట్లోనా?"

రిక్షావాళ్లు నవ్వారు. గుమాస్తా గంప లాక్కోమన్నాడు. పున్నయ్య లాక్కున్నాడు. రాహేలు అతని చేతికేసి చూసి, పక్కకి ఉమ్మేసి, గడ కింద వంగి స్టేషను వైపు పోయింది.

గంప అడుగున మిగిలిన చేపనీళ్లు అతని మోచేతి దాకా కారాయి. పొద్దున ముద్ద కలిపిన చెయ్యి అది. పంచెకి తుడుచుకున్నాడు, వాసన పోలేదు. ఇంతలో జీపు హారను కొట్టింది. గడ లేపి, వంగి దణ్ణం పెట్టి, మళ్లీ దించాడు. జీపు పోయింది, దుమ్ము నోట్లో పడింది, కంపు మాత్రం అక్కడే ఉంది. అది గంపది కాదనిపించింది పున్నయ్యకి. పన్నెండేళ్లుగా తన ఒంటిదే.

వేళ్లు విప్పాడు. రాయి బరువుకి గడ పైకి లేచింది.

గంప నెత్తిన పెట్టుకున్నాడు. ఎక్కడికిరా అని గుమాస్తా అరిస్తే, "గంప ఇచ్చొస్తానండి" అన్నాడు.

రైలు కదిలేలోపే ఇచ్చాడు. తిరిగి మాత్రం రాలేదు.

గుమాస్తా ఎంత ఎగిరినా అందని ఎత్తున, గడ కొసన తాడు ఊగుతూ ఉంది. చెయ్యి పట్టిన జానెడు మేరా చెమటకి నల్లబడి ఉంది.