దానమ్మ దాచిన దుప్పటి

నా భార్యను చంపింది నా కొడుకు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

లారీ గుద్దిన మాట నిజమే. పోలీసులు లారీ డ్రైవరు మీదే కేసు రాశారు. ఆ డ్రైవరును నేను ఏనాడూ తిట్టలేదు. అతను తన దారిన పోతున్నాడు. అత్వెల్లి దగ్గర హైవే దాటి అవతలి వైన్స్ దాకా దానమ్మ ఎందుకు పోయిందో అది అడగాలి. నా కొడుకు గిడియోన్ అక్కడ కూర్చుని తాగుతున్నాడు. దానమ్మ రోజూ పొద్దుగూకే వేళకు పోయి, వాణ్ణి రెక్క పట్టి లేపుకొని వచ్చేది. ఆ రోజు శుక్రవారం. కొడుకు తాగుడు మానాలని శుక్రవారాలు ఉపవాసం ఉండేది. మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. నీళ్లయినా తాగవే అంటే, "నోరు కట్టుకుంటెనే దేవుడు ఇంటడు" అనేది. మండే ఎండాకాలం. కళ్లు తిరిగి రోడ్డు నడుమ నిలబడిపోయిందని చూసినవాళ్లు చెప్పారు. బయట జనం అరుస్తుంటే గిడియోన్ లేచి కూడా చూడలేదట. గ్లాసులో ఇంకా ఉందట.

ఆమెను శవపెట్టెలో పెట్టేటప్పుడు తెల్లదుప్పటి కావాలన్నారు. ఆడవాళ్లు ఆమె ట్రంకుపెట్టె వెతికితే చీరల అడుగున ఒకటి దొరికింది. మడత విప్పని కొత్తది. అదేమిటో నాకు తెలుసు. నేను వద్దనేలోపే కప్పేశారు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి లేచినవాణ్ణి కన్నవాళ్లే తెల్లదుప్పటి కప్పి ఒడ్డుకు తేవాలి. పుట్టినప్పుడు గుడ్డలో చుట్టినవాళ్లే మళ్లీ పుట్టినప్పుడూ చుట్టాలని పాతకాలం ముసలమ్మలు పెట్టింది. కన్నవాళ్లు బతికి ఉండగా ఇంకొకరు కప్పరు. గిడియోన్‌కు మీసాలు వచ్చిన ఏడే దానమ్మ మేడ్చల్ అంగట్లో ఆ దుప్పటి కొని దాచింది. వాడు మాత్రం చర్చి వదిలి వైన్స్ పట్టాడు. వాడికి కప్పాల్సిన దుప్పటి ఆమె కప్పుకొని పోయింది.

ఆ తర్వాత గిడియోన్ తన భార్య రేచల్‌ను తీసుకుని షామీర్‌పేటలో కిరాయి ఇంటికి పోయాడు. నేను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. వాడితో మాట్లాడటం మానేశాను. వాడి గురించి మాట్లాడటం మాత్రం మానలేదు. నేను తాపీమేస్త్రీని. ప్లాట్లు కొన్నవాళ్లకు గోడలు కడతాను. "మీ కొడుకేం జేస్తడు మేస్త్రీ?" అని ఎవరన్నా అడిగితే, "తల్లిని సంపిండు" అని చెప్పేవాణ్ణి. చాయ్ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టేవాడు. దేవుడితోనూ అదే చెప్పేవాణ్ణి. వాడు కుక్కచావు చావాలని అడిగేవాణ్ణి. చర్చిలో అందరూ కలిసి చెప్పే ప్రభువు ప్రార్థనలో క్షమించే మాట రాగానే నోరు మూసుకునేవాణ్ణి. అది దాటాక మళ్లీ కలిసేవాణ్ణి.

క్రిస్మస్ పోయాక ఒకరోజు గిడియోన్, రేచల్ వచ్చారు. వాడు తాగుడు మానాడని సంఘంలో విన్నాను. నమ్మలేదు. వాకిట్లోనే నిలబడ్డారు. లోపలికి రమ్మనలేదు.

"నాయినా, వచ్చే ఆయితారం షామీర్‌పేట చెరువుల బాప్తిస్మం దీసుకుంటున్న."

"దీసుకో. మస్తు సల్లగుంటది."

"నువ్వు రావాలె. దుప్పటి కప్పాలె."

"దుప్పటి లేదు. మీ అమ్మ మీద ఉన్నది. తవ్వి తెచ్చుకో పో."

రేచల్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు కదల్లేదు. ముఖం పీక్కుపోయి ఉంది.

"తాగుడును నేను గెలవలే నాయినా. మస్తు సార్లు ఒట్టు వెట్టుకున్న. అమ్మ బొంద మీద చెయ్యేసి గూడ వెట్టుకున్న. గా రోజే తప్పిన. ఇగ నాతోని కాదని ఓడిపోయి దేవుని కాళ్ల మీద పడ్డ. ఇప్పటికీ పొద్దున లేస్తె పానం గుంజుతది. లేవంగనే మళ్ల ఆయన కాళ్ల మీద పడుత. గంతే. నేను జేసింది ఏం లేదు."

"ఆ ఓడిపోయేదేదో మీ అమ్మ ఉన్నప్పుడే ఓడిపోవద్దారా?"

వాడు ఎదురు చెప్పి ఉంటే కొట్టేవాణ్ణి.

వాణ్ణి వెనక్కి జరిపి రేచల్ ముందుకు వచ్చింది. మెతక పిల్ల. నా ఎదురుగా గొంతు లేపింది అదే మొదలు. "మామా, ఆయన మందు విడిచిండు. మీరింకా కోపం తాగుతనే ఉన్నరు. మిమ్ముల రెక్క వట్టి లేపుకరానీకి అత్తమ్మ ఏడికెల్లి వస్తది?"

"మీ నీతులు మీ ఇంట్ల జెప్పుకోండ్రి. నడువుండ్రి" అని తలుపు వేశాను.

ఆదివారం పొద్దున్నే మేడ్చల్‌లో షామీర్‌పేట ఆటో ఎక్కాను. కప్పడానికి కాదు. నా చేతిలో ఏమీ లేదు. వాడు ఆఖరి గడియలో వెనక్కి తిరుగుతాడని, నీళ్ల దాకా వచ్చి పారిపోతాడని, అది కళ్లారా చూడాలని పోయాను. అది చూస్తే ఆ రాత్రి నిద్ర పట్టేది.

చెరువు కట్ట మీద చేపలు పట్టే భిక్షం వలలు ఆరేస్తున్నాడు. ఎప్పుడో వాడి ఇంటికి గోడ పెట్టాను. నన్ను చూసి నవ్వాడు. "ఏం సత్తెన్నా, మీ దేవుడు పొద్దుగాల్నే మా చేపలను పరేషాన్ జేస్తుండు. మీవోళ్లు దిగిన్నాడు వలల ఒక్కటి గూడ పడది." వాడి పక్కన రాయి మీద కూర్చున్నాను. అక్కడి నుంచి అంతా కనబడుతుంది.

నీళ్ల మీద ఇంకా పొగమంచు ఉంది. పాస్టర్ జాన్సన్ నడుము లోతులో నిలబడి ఒక్కొక్కరినీ ముంచి లేపుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు లేచారు. వాళ్ల తల్లులు చీరలు తడుస్తున్నా లెక్కచేయకుండా ఎదురుపోయి దుప్పట్లు చుట్టారు. చివర గిడియోన్ దిగాడు. వెనక్కి తిరుగుతాడని చూశాను. తిరగలేదు. మునిగాడు. లేచాడు.

మోకాలి లోతు దాకా వచ్చి ఆగిపోయాడు.

రేచల్ ఒడ్డున నిలబడి ఉంది. ఆమె చేతుల్లో దుప్పటి మడతల్లోనే ఉంది. విప్పలేదు. సంఘం పాట పాడుతోంది. పాట అయిపోయింది. వాడు కదల్లేదు. ఏం చేయాలో తోచక మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. వాడు కట్ట వైపు చూడటం లేదు. నేను వచ్చానని వాడికి తెలియదు. రాని మనిషి కోసం తలొంచుకుని నిలబడ్డాడు. చలికి ఒళ్లంతా వణుకుతోంది. అంగీ ఒంటికి అతుక్కుని భుజాల ఎముకలు కనబడుతున్నాయి. అవి దానమ్మ భుజాలు. అంత సన్నం. ఇన్నేళ్లలో వాణ్ణి నేను సరిగా చూడలేదు.

"గా వణుకుతున్నోడు నీ కొడుకే గదనే?" అన్నాడు భిక్షం. నవ్వు పోయింది వాడి ముఖంలో. "ఎంతసేపు నిలవెడ్తరే గా పోరన్ని? జల్దీ ఏదో ఒకటి జెయ్యుండ్రి. మా కులంల శవాన్ని గూడ గంతసేపు తడిబట్టలల్ల ఉంచం."

ఆ మాట నన్ను పొడిచింది. నేను అడిగింది ఇదే కదా. వాడు చావాలనే కదా, మోకాళ్ల మీద పడి రోజూ అడిగాను. అడిగింది ఎదురుగా నిలబడి వణుకుతోంది. నాకు నిద్ర పట్టేంత సంతోషం రాలేదు. దానమ్మ నీళ్లు కూడా మానేసి ఒకటి అడిగింది. నేను కడుపునిండా తిని దానికి ఎదురు అడిగాను. దేవుడు ఆమె మాట విన్నాడు. నా మాట వినలేదు.

అప్పుడు కడుపులోంచి వచ్చింది, తిట్టులాగే. "ప్రభువా, నాతోని కాదు. వీణ్ణి నేను క్షమించలేను. చేతనైతే నువ్వే చెయ్యి. నన్ను ఇడిసిపెట్టు." ప్రార్థన అనుకుని అన్నది కాదు. చేతులెత్తేశాను. అంతే.

లేచి కట్ట దిగాను. ఎవరో దారి ఇచ్చారు. రేచల్ నన్ను చూసి దుప్పటి నా చేతుల్లో పెట్టింది. కొత్తది. గంజి పోలేదు, మిల్లు ముద్ర అలాగే ఉంది. చెప్పులు విప్పకుండానే నీళ్లలోకి పోయాను. దుప్పటి విప్పి వాడి భుజాల మీద కప్పాను. తల మీదుగా లాగి, మెడ దగ్గర చుట్టి పట్టుకున్నాను. వాడు పుట్టినప్పుడు దానమ్మ నా చేతుల్లో పెట్టింది ఇలాగే. అప్పుడు ఏడ్చింది వాడొక్కడే.

"నాయినా," అన్నాడు, పళ్లు కొట్టుకుంటుంటే. "అమ్మను నేనే..."

"నోరు ముయ్యి. సలికి సస్తవు. నడువు."

ఒడ్డుకు తెచ్చాను. వాణ్ణి రెక్క పట్టుకునే తెచ్చాను.

పాస్టర్ జాన్సన్ తడిబట్టలతోనే నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు. "సత్యానందం అన్నా, ఇది ప్రభువు కార్యం. వచ్చే ఆయితారం సంఘం ముందర సాక్ష్యం జెప్పాలె. నలుగురికి మేలైతది."

చెప్పనన్నాను. నా భార్య లేదు. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆమె రాదు. జరిగింది సాక్ష్యం చెప్పుకునేది కాదు. మిగిలిందేదైనా ఉంటే దేవుడు చూశాడు.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో అన్నం తిన్నాను. రేచల్ వడ్డించింది. గోడ మీద దానమ్మ ఫోటో ఉంది. నా ఇంట్లో ఉన్నదే. దాని వైపు వాడు చూడలేదు, నేనూ చూడలేదు.

మొన్న గుండ్లపోచంపల్లిలో కొత్త గోడకు పునాది తీస్తుంటే ప్లాటు యజమాని చాయ్ ఇచ్చి అడిగాడు. "మేస్త్రీ, మీ కొడుకేం జేస్తడు?"

"షామీర్‌పేటల ఉంటడు" అన్నాను. చాయ్ తాగాను.

దానమ్మ ఎట్లా పోయిందని ఎవరైనా అడిగితే లారీ గుద్దిందని చెబుతాను. అంతకు మించి చెప్పను. గిడియోన్‌కు చెప్పను, సంఘానికి చెప్పను, మోకాళ్ల మీద దేవుడికీ చెప్పను. ఈ సంగతి నేను మళ్లీ ఎన్నడూ ఎత్తను. నన్ను అడగొద్దు.