వచ్చింది

నువ్వులు వేగుతున్న కమ్మని వాసన...

శాంతయ్య మాస్టారు ఒక్కడికే.

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. ఇరుగింట్లోనూ పొగ లేదు. అయినా ముఖం పైకెత్తాడు. గాలి పీల్చాడు. పెదవులు చప్పరించాడు. ముఖం వెలిగిపోయింది.

"నువ్వులు... వచ్చింది" అన్నాడు.

వచ్చిందట! ఎవరు?

భార్య కృపావతి ఎప్పుడడిగినా ఇదే తంతు. కాసేపటికి కళ్లు నులుముకుని, "నేనేమన్నా?" అంటాడు. ఏమీ ఎరగనట్టు.

ఇన్నేళ్ల కాపురంలో తన చేపల పులుసుకు ఒక్కనాడైనా లొట్టలేసిన మొగుడు కాదు. ఎవతో ఎక్కడో నువ్వులు వేయిస్తుంటే, జగ్గయ్యపేటలో కూర్చుని లొట్టలేస్తున్నాడు!



తెలుగు నేలంతా ఒక్కటై, గరికపాడు దగ్గర రాష్ట్రాల హద్దు చెరిగిపోయిన ఏడు అది. తన కాపురం హద్దు కూడా ఎవతో దాటిందనుకుంది. సంఘం పని అంటూ శనివారం శనివారం నందిగామ వెళ్తాడు. అక్కడే ఉంటుంది... అది.

ఒక శనివారం తనూ అదే బస్సెక్కింది. వెనక సీట్లో, కొంగు నెత్తిన కప్పుకుని. చిల్లకల్లు దాటింది. నందిగామ వచ్చింది.

కిళ్లీకొట్టు నీడన ఆయన ఆగాడు. ముఖం పైకెత్తాడు.

"వచ్చింది..."

ఏదీ? నాలుగు దిక్కులూ చూసింది.

ఎవరూ రాలేదు.

శాంతయ్య నిలువునా కూలిపోయాడు. నోట నురగ. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. కొట్టువాడు పరుగున వచ్చి తాళాల గుత్తి గుప్పిట్లో పెట్టాడు.

రాయవేలూరు ఆసుపత్రిలో డాక్టరు విడమరిచి చెప్పాడు.

"తలలో గడ్డ ఉందమ్మా. పెరుగుతూ పక్కనున్న మెదడును ఒరుసుకుంటోంది. ఆ ఒరిపిడికి మెదడు ఉలిక్కిపడుతుంది. అది వాసనలు తెలిసే చోటు... అందుకే ముందు లేని వాసన. ఆ ఉలికిపాటు తలంతా పాకితే మూర్ఛ."

"ఎన్నాళ్లనుంచి ఉందండీ?"

"మీ పెళ్లికి ముందునుంచే ఉండొచ్చు."

ముందునుంచే!

ఆడదైతే జుట్టు పట్టుకుని ఈడ్చేది. గడ్డకు జుట్టేదీ?

అనుమానించినందుకు సిగ్గుపడింది. ఏడ్చింది. అయినా మంట చల్లారలేదు. తనకంటే ముందొచ్చింది. తనకంటే లోపల చేరింది. ఆయన ముఖంలో ఆ వెలుగు తను ఏనాడూ తేలేకపోయింది.

తెల్లారితే ఆపరేషను. తీయగలమో లేదో తెరిచి చూశాకే తెలుస్తుందన్నారు.

గొరిగిన తలమీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. మొగుణ్ని ఏనాడూ 'నువ్వు' అనని మనిషి, ఆ చెవి దగ్గర నోరు పెట్టి కసిగా అంది.

"ఒసేయ్... చాల్లే. ఇక బయటికి రావే."

శాంతయ్య కళ్లు తెరిచాడు. "ఎవర్నే తిడుతున్నావు?"

"మీరు పడుకోండి" అంది కృపావతి, చెయ్యి తీయకుండానే. "ఇది మా ఇద్దరి సంగతి..."