గీకని కార్డు

మా ఆయన షావలికి ఎవరినీ కాదనడం రాదు. పెళ్లయిన నెలకే ఈ సంగతి నాకు తెలిసిపోయింది. తెలిసి చేసేదేముంది? ముప్పై ఏళ్లుగా ఆయన ఊ అన్న ప్రతిదానికీ నేను గొడ్డుచాకిరీ చేస్తూనే ఉన్నాను. ప్రొద్దుటూరు నుంచి దుబాయ్ వచ్చినా ఆయన బుద్ధి మాత్రం సామానుతో పాటు వెంటే వచ్చింది.

షార్జా పక్కన సజ్జాలో, అల్యూమినియం ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు స్టోర్‌కీపర్‌గా చేశాడు. వారమంతా అక్కడి కార్మికుల క్యాంపులో ఉండి, సెలవు రోజున దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో నా దగ్గరికి వచ్చేవాడు. నేను నాలుగిళ్లలో వంట చేస్తాను. ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు చేసిన గదిలో ఒక సగం మాది. రెండో సగంలో కాకినాడ నుంచి వచ్చిన ఆదిలక్ష్మి, ఆమె భర్త ఉంటారు. ఆ పిల్ల కార్గో ఆఫీసులో లెక్కలు చూస్తుంది. నేను దగ్గితే ఆదిలక్ష్మికి నిద్ర ఉండదు, వాళ్లు కీచులాడుకుంటే నాకు ఉండదు.

ఈ ఏడాది కంపెనీ మా ఆయన్ని ఇక చాలు, ఇంటికి వెళ్లమంది. వీసా రద్దు చేసి, ఇరవై రెండేళ్ల సర్వీసు డబ్బు జీతం ఖాతాలో వేసింది. మర్నాడు తీద్దామని వెళ్తే, జీతం పడినన్నాళ్లూ ఊరుకున్న బ్యాంకు ఇప్పుడు ఆపేసింది. ఏదో క్రెడిట్ కార్డు బాకీ ఉందట, అది కట్టేదాకా పైసా ముట్టుకోవడానికి లేదట. మాకున్నదల్లా ఆ డబ్బే. అది చేతికి రాకపోతే ఇక్కడ ఉండలేం, అక్కడికి పోయి బతకలేం. పైగా వీసా రద్దయ్యాక ఉండనిచ్చే గడువు కరిగిపోతోంది.

"నాకు యా బాకీ లేదే," అన్నాడు మా ఆయన, పక్కింటివాళ్ల సంగతి చెప్తున్నట్టు.

ఆదిలక్ష్మి తన ఫోన్లో ఆయన అప్పుల చిట్టా తెప్పించింది. మా ఆయన పేరు మీద ఆరు కార్డులు ఉన్నాయి. ఫోన్ తీసుకుని ఆయన ముందు పెట్టాను.

"ఏందయ్యా ఇవి?"

"మనోళ్లు అడిగినారు మే. కాదనేకి నోరు రాల్యా."

దుబాయ్‌లో మనవాళ్లకు మాత్రమే ఉన్న జబ్బు ఇది. కార్డులు అమ్మే కుర్రాళ్లు సెలవు రోజుల్లో క్యాంపు గేటు దగ్గరికి వస్తారు. వాళ్లలో సగం మంది మన జిల్లాల వాళ్లే. నెలకు ఇన్ని కార్డులని లెక్క ఉంటుంది, తగ్గితే ఉద్యోగం ఊడుతుంది. "మామా, ఒక్క కార్డు తీసుకో, వాడొద్దు, పెట్టెలో పారేయ్ చాలు," అని పొరుగింట్లో ఉప్పు అడిగినట్టు అడుగుతారు. మనవాళ్లు ఇస్తారు. క్యాంపుల్లో ఎవరి సూట్‌కేసు తెరిచినా అలాంటి కార్డు ఒకటి దొరుకుతుంది.

ఐదు కార్డులు వాటంతటవే మూసుకుపోయాయి. ఆరోది జీతం పడే బ్యాంకుదే. సూట్‌కేసు అడుగున, శీతాకాలం స్వెట్టర్ కింద, కవర్లోనే ఉంది. పైన అంటించిన స్టిక్కర్ కూడా ఊడలేదు. దాన్ని ఒక్కసారి కూడా ఎక్కడా గీకలేదు. అయినా బాకీ పద్నాలుగు వేల దిర్హాములు.

ఆదిలక్ష్మి రెండు సాయంత్రాలు కూర్చుని పాత లెక్కలన్నీ తవ్వింది. "ఆంటీ, ఈ కార్డుకి ఇన్సూరెన్స్ తగిలించేరండి. ఉద్యోగం పోతే కార్డు బాకీ వాళ్లే కట్టేస్తారని. కార్డుకి ఏడాది ఫీజు పడింది, అది కట్టలేదని ఫైను, దానిమీద వడ్డీ, ఆ మొత్తం మీద నెలనెలా ఇన్సూరెన్స్. నాలుగేళ్లు అలా పెరిగిపోయిందండి. పోనీ పనికొస్తుందా అంటే, యాభై అయిదు దాటినోళ్లకి ఉద్యోగం పోయినా రూపాయి ఇవ్వరంట. అంకుల్‌కి అప్పటికే దాటిపోయింది. అమ్మకూడనిది అమ్మేరు. కంప్లైంట్ పెట్టేద్దాం."

బిల్లులు ఇన్నాళ్లూ క్యాంపు పోస్టుబాక్సుకూ, ఎప్పుడో పారేసిన ఫోన్ నంబరుకూ వెళ్తున్నాయి. కంప్లైంట్ పెట్టాం. ఈ బ్రాంచి కాదు ఆ బ్రాంచి అన్నారు, ఆ కాగితం కాదు ఈ కాగితం అన్నారు. పొద్దున రెండిళ్ల వంట ముగించుకుని బస్సెక్కడం, చలిగదుల్లో టోకెన్ పట్టుకుని కూర్చోవడం, సాయంత్రం మిగతా రెండిళ్ల వంటకు పరుగెత్తడం. నా మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. చివరికి జవాబు వచ్చింది. నిబంధనలన్నీ ఫోన్లో చెప్పే అమ్మారట, మా ఆయన ఒప్పుకున్నాడట, రికార్డింగ్ ఉందట, కావాలంటే వచ్చి వినమన్నారు.

వెళ్లాం. ఫైజా అనే లక్నో అమ్మాయి మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి కంప్యూటర్లో అది పెట్టింది. మొదటి మాటకే ఆమె ముఖం చిట్లించింది. మాటలన్నీ తెలుగులో ఉన్నాయి. నాలుగేళ్లుగా దాన్ని సాక్ష్యమని పెట్టుకున్న వాళ్లలో ఒక్కరూ విన్నట్టు లేదు.

"మామా, నేను జమ్మలమడుగు రమీజ్‌ను. మొన్న కార్డు రాయిచ్చినా గదా. దానికి ఇన్సూరెన్స్ ఒకటి రాసుకుంటా. ఊరికేనే మామా, దుడ్లేం పడవు."

"వాడని కార్డుకు అదేంటికి అబ్బీ? వద్దులే."

"ఈ పొద్దు నెలాఖరు మామా. ఒక్కటి తక్కువుండాది. రాకుంటే నా వీసా తీసేస్తారు. ఈ కరోనాలో నేను యాడికి పోవల్ల?" కుర్రాడి వెక్కిళ్లు వినిపించాయి.

"ఏడవాకు అబ్బీ. రాసుకో. మా ఇంట్లో ఆమెకు మాత్రం తెలీకూడదు, తిడుతాది."

"వచ్చే నెల నేనే తీసేస్తా మామా. అల్లా మీద ఆన."

ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మా ఆయనకు సగం జీతమే ఇచ్చేది. నేను వండే ఇళ్లవాళ్లు కరోనా భయానికి గుమ్మం తొక్కనిచ్చేవాళ్లు కాదు. మేము ఎలా తిన్నామో మాకే తెలుసు. అలాంటప్పుడు ఈయన ఇంకొకరి కన్నీళ్లు తుడిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే, నన్ను తలచుకుని భయపడిన ఆ గొంతు విని జాలీ వేసింది.

"మా అనువాదకుడు తర్వాత సరిచూస్తాడు. ముందు మీరు చెప్పండి, ఏమంటున్నారు?" అని ఫైజా హిందీలో అడిగింది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయి అన్నీ సరిగ్గానే చెప్పాడు మేడమ్. నేనే ఒప్పుకున్నాను," అన్నాడు, హిందీలోనే.

నా చెవులను నేను నమ్మలేదు. "ఏందయ్యా, ఏం చెప్తాండావ్?" అన్నాను తెలుగులో.

"ఆ పిల్లోని ఉద్యోగం పోతాదే. ఇప్పటికి పెండ్లాం, బిడ్డలు ఉంటారు వానికి."

"మరి మనం పోయేదెట్ల?"

"ఎట్లోకట్ల పోదాంలే."

ఆ ఎట్లోకట్ల అంటే నేనే. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఇంకో ఇంట్లో వంట దొరకాలి. ఇక నా వల్ల కాదు. నేను ఫైజా వైపు తిరిగాను. ఊరికే అని చెప్పాడనీ, డబ్బులు పడవన్నాడనీ, ఈయన వద్దంటే ఏడ్చాడనీ, వచ్చే నెల తీసేస్తానని ఒట్టేశాడనీ, వయసు మాటే ఎత్తలేదనీ మాట మాటా విడదీసి చెప్పాను. ఆమె రికార్డింగ్‌ను రెండుసార్లు వెనక్కి తిప్పి, ఎక్కడ ఏ మాటో నా చేత చూపించుకుంది.

"మరి మీ ఆయన ఇంకోలా ఎందుకు చెప్పారు?"

"మా ఆయన అబద్ధం చెప్తున్నాడు మేడమ్."

ఫైజా చాలాసేపు టైపు చేసింది. అనువాదకుడు కూడా ఇదే చెప్తే ఇన్సూరెన్సూ, దాని చుట్టూ పెరిగినదీ అంతా కొట్టేస్తామనీ, వారంలో సర్వీసు డబ్బు వదిలేస్తామనీ చెప్పింది. అమ్మినవాడి పేరు కూడా పైకి రాయాలంది.

బయట ఎండ నిప్పులు కురిపిస్తోంది. గెలిచినందుకు సంతోషం కలగాలి. కానీ పదిమందిలో ఆయన్ని చెంపదెబ్బ కొట్టినట్టనిపించింది. నీడలో బెంచీ మీద కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. టీ తెస్తానని చెప్పి కెఫెటేరియాకి వెళ్లాను.

రెండు కప్పులతో తిరిగి వచ్చేసరికి నాకు వీపు తిప్పి ఫోన్ మాట్లాడుతున్నాడు. పక్కన ఆ కార్డు కవరు, దాని మీద అమ్మినవాడు అప్పట్లో రాసిచ్చిన నంబరు. ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడుకి చెవి దెబ్బతిన్న మనిషి, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. వెనకే నిలబడిపోయాను.

"అబ్బీ రమీజ్, నేను షావలి మామను. బ్యాంకులో నీ మీద కంప్లైంట్ ఇచ్చినా. నేనే ఇచ్చినా, ఇంగెవురూ కాదు. ఏమనుకోవాకు."

"ఎవురన్నా? ఏ షావలి?"

"సజ్జా క్యాంపు. ఇన్సూరెన్స్ రాసుకున్యావే, నెలాఖరున. ఏడిసినావు గదా నువ్వు."

అటువైపు నవ్వు వినిపించింది. "నెలాఖరుకు అందరికాడా ఏడిసేటోళ్లమేలే అన్నా అప్పుడు. గుర్తు రాల్యా. ఆ బ్యాంకు ఇడిసి మూడేండ్లాయ, రాసుకోనీ, నాకేమైతాది? ఇప్పుడు ఫ్లాట్లు అమ్మే కంపెనీలో ఉండా. తెలిసినోళ్లెవురన్నా ఉంటే నంబరియ్యి." ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన ఆరిపోయిన ఫోన్‌ను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ కుర్రాడు ఎదురుగా ఉంటే చెప్పు తీసుకునేదాన్ని. నేను నాలుగడుగులు వెనక్కి వెళ్లి, చెప్పులు చప్పుడయ్యేలా నడుచుకుంటూ వచ్చి, కప్పు చేతికిచ్చాను.

"రమీజ్‌కు ఫోన్ చేసినా," అన్నాడు. "ఆ బ్యాంకు ఇడిసిపెట్టినాడంట, వానికేం కాదంట. బాగుండాడు." టీ ఊదుకున్నాడు. "నా గొంతు వింటానే పట్టేసినాడే. 'మామా, నిన్నెట్ల మర్సిపోతా' అన్యాడు."

"ఎట్ల మర్సిపోతాడులే," అన్నాను. "టీ తాగు, సల్లారిపోతాంది."