పూల నైటీ ఎవరిది?

నా చొక్కా నలగదు. గిట్టనివాళ్లు దాన్ని డాబు అంటారు గానీ, అది ఎదుటివాళ్ల కళ్లకు నేను చేసే ఉపకారం. అందుకే రోజూ పొద్దున్నే మా నాలుగంతస్తుల భవనం కింద, మెట్ల పక్కనున్న ఇస్త్రీ బల్ల దగ్గర హాజరవుతాను.

ఇస్త్రీ ఆయన చెయ్యి వేయగానే, బట్ట తన మనిషి నొప్పిని ఆయన చేతికి చెప్పేస్తుంది. ముడతల్లాగే అదీ మామూలే. పోయినేడు నా చొక్కా తడిమి, "తినగానే మండుతోంది, తేన్పు వస్తే తగ్గుతోంది. తిండి తగ్గించండి సార్, అయినా ఓసారి చూపించుకోండి" అన్నాడు. నేను అప్పటికే వీలునామా రాసేశాను. రెండో అంతస్తు మేష్టారి చొక్కా పట్టుకున్నప్పుడు మాత్రం ఛాతీ మీద బండ పెట్టినట్టుందని ఆయన్ని అప్పటికప్పుడు ఆసుపత్రికి తరిమాడు. సొంత ఇంటి బట్టలు చేసే తీరిక ఆయనకు ఎప్పుడూ లేదు.

పోయిన నెల మూటలో ఓ పూల నైటీ వచ్చింది. చెయ్యి వేస్తే దవడ లాగింది. ఛాతీలో ఏమీ లేదు. పన్ను నొప్పి అనుకుని ఇస్త్రీపెట్టె తోశాడు. అంచు నుంచి పైకి తోసినప్పుడల్లా నొప్పి వీపులోకి పాకి చల్లటి చెమట పోసింది. చెయ్యి ఆపితే తగ్గింది. పైకెక్కితే వచ్చి ఆగితే పోయే పన్ను నొప్పిని ఆయన ఎరగడు.

నైటీ పట్టుకుని, ఇదెవరిదని ప్రతి తలుపూ తట్టాడు. మొదటి అంతస్తు ఆవిడ సిగ్గులేదా అని కడిగేసింది. రెండో అంతస్తులో మేష్టారి పక్కవాళ్లు తలుపు మొహాన వేశారు. ఆ పై మలుపులో, బకెట్టు పక్కన పెట్టుకుని ఆయన భార్య కూర్చుని ఉంది. మా మెట్లు కడిగేది ఆవిడే.

"అది నాదే. అందరి బట్టలూ చేస్తావు గదా, ఒక్కసారన్నా నాదీ చేస్తావని మూటలో పడేశా."

ఇంట్లో రోజూ కళ్లముందు తిరిగే పూలవి. ఆయన వాటినే చూస్తూ అడిగాడు: "దవడ ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులు. కడుపులో తిప్పుతోంది, నాలుగు మెట్లకే ఆయాసం. గ్యాసులే."

"గ్యాసుకి మెట్లతో పనేంటే?" అన్నాడాయన.

ఆవిణ్ణి మెట్లు దిగనివ్వలేదు. నలుగురం కుర్చీలో మోశాం. ఆ నిమిషంలో కూడా చొక్కా నలుగుతుందే అనుకున్నాను, దాచడమెందుకు. గుండె రక్తనాళం దాదాపు మూసుకుపోయిందని డాక్టర్లు సాయంత్రంలోగా తెరిచారు. కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఛాతీ నొప్పి లేకుండానే ఇలా వస్తుందట.

ఇప్పుడు బల్ల మీద ముందు ఆవిడ బట్టలే. నిన్న నా చొక్కా చేతికిస్తూ, "మీ ఇంట్లో అమ్మగారి బట్టలు ఎప్పుడూ రావేంటి సార్?" అని అడిగాడు.

నవ్వేసి మెట్లెక్కాను. ముప్ఫయ్యేళ్ల కాపురంలో, ఎక్కడ నొప్పి అని ఆవిణ్ణి అడగడం నేనింకా నేర్చుకోలేదు.