అతుకు దగ్గర ముడి

టెక్కలి బస్టాండు వెనక సందులో నాగసుధ పూసల గొలుసులు చేస్తుంది. ఒకే గొలుసులో మూడు రకాల పని కలపడం ఆమె పద్ధతి. మెడ వెనక తీగ కొక్కేలు, భుజాల దగ్గర సూదితో అల్లిన పట్టీ, ముందు వైపు పూసకీ పూసకీ మధ్య దారం ముడి. తీగ పని ఫోన్లో చూసి నేర్చుకుంది. అల్లిక జలంత్రకోటలో అమ్మ నేర్పింది. ముడి మాత్రం బారువలో వలలు బాగుచేసే ఒకామె దగ్గర పట్టింది. ఈ పనులు విడివిడిగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక పని ఆగి ఇంకోటి మొదలయ్యే అతుకు దగ్గరే చిక్కు. అక్కడ బిగిస్తే పట్టీ ముడుచుకుంటుంది, వదిలితే ముడి జారుతుంది.

అన్న కూతురు ప్రమోదిని ఇంటర్ చదివేటప్పుడే అడిగింది, తన పెళ్లికి నల్లపూసలు అత్తే గుచ్చాలని. నాగసుధ మాటిచ్చింది. అప్పటికి ఆమె భర్త రాజేంద్ర ఉన్నాడు, ఆర్డీవో ఆఫీసులో గుమాస్తా. తరవాత కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం పలాస తిరిగి తిరిగి నిరుడు వానాకాలంలో పోయాడు. అప్పటినుంచి నల్లపూసలు గుచ్చమని ఆమెని అడగడం మానేశారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. పగడాలకీ ముత్యాలకీ ఆమె దగ్గరికే వస్తారు. నల్లపూసలకి పక్కింటి భారతి దగ్గరికి వెళ్తారు. భారతికి పని నేర్పింది నాగసుధే.

ముహూర్తం పెట్టాక ప్రమోదిని తల్లి, వదిన దమయంతి ఊరినుంచి వచ్చింది. కొబ్బరికాయలు తెచ్చింది, కాఫీ తాగింది, పిల్ల పట్టు వదలడం లేదని, అత్త గొలుసే కావాలంటోందని చెప్పింది. వియ్యాలవారి సంగతులన్నీ అయ్యాక అసలు మాటకి వచ్చింది.

"నీకు నాను సెప్పాలేటి సుధా. భారతి గుచ్చుతాది. నువ్వు పక్కన కూకొని సెప్పు. సెయ్యి మాత్రం ఎట్టకు."

అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. రాజేంద్ర జబ్బులో ఉన్నప్పుడు ఎండలో పలాస వచ్చి ఆసుపత్రి అరుగు మీద కూర్చున్న మనిషి దమయంతి. ఆమెతో వాదించడం నాగసుధకి చేతకాలేదు. సరేనంది.

భారతి చాప మీద కూర్చుని గుచ్చింది. నాగసుధ చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పింది. తీగ పని అయింది, అల్లిక అయింది, అతుకు దగ్గర ఆగింది. భారతి ముడి వేసింది, పట్టీ ముడుచుకుంది. విప్పి మళ్లీ వేసింది, జారింది. ఎంత బిగించాలో చెప్పడానికి నాగసుధకి మాట దొరకలేదు. అది వేలికి తెలిసే బిగువు.

"మరీ లాగేత్తన్నావు," అంది.

"ఇందాకల వొదిలేసినానన్నావు, ఇప్పుడు లాగేత్తన్నానంతన్నావు. నీ నోరు అట్టుకెళ్లి నా ఏళ్లకి అతికించీమంటావేటక్కా?"

ఇద్దరూ నవ్వారు. అప్పటికే దారం పీచు లేచింది. ఇంకోసారి వేసి విప్పితే తెగుతుంది. భారతి గొలుసుని పళ్లెంలో పెట్టి లేచి, బిందె తీసుకుంది.

"కుళాయి కాడ జనం ఉంతారు. నాను బేగి రాను," అంది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది.

నాగసుధ లేచింది. చేతులు కడుక్కొచ్చి గొలుసు తీసింది. దారాన్ని పట్టీ అంచులోంచి తిప్పి, చూపుడు వేలి మీద ఆపి, ముడిని పూస లోపలికి దించింది. పట్టీ ముడుచుకోలేదు. రెండో వైపు కూడా వేసి పళ్లెంలో పెట్టేసింది. భారతి వచ్చి చూసింది. చాప మీద కూర్చుని మిగతా ముడులు వేసుకుంటూ పోయింది.

జలంత్రకోటలో పెళ్లి జరిగింది. ముహూర్తం వేళకి నాగసుధ తనంతట తనే వంటల వైపు వెళ్లిపోయింది. దమయంతి భారతికి చీర పెట్టింది.

మర్నాడు పొద్దున్న పెరట్లో ప్రమోదిని నాగసుధ చెయ్యి పట్టుకుని ఆపింది. మెళ్లో గొలుసు పైకి లాగి అతుకు చూపించింది.

"ఇది భారతి పిన్ని ముడి కాదు. నువ్వే సేసినావు కదత్తా? అమ్మకి సెప్పన్లే."

పిల్ల అవునన్న మాట కోసమే చూస్తోంది. నాగసుధకీ ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ పెళ్లికొడుకు జయంత్ రోజూ బండి మీద హైవే ఎక్కే మనిషి. రేపు అతనికి ఒంట్లో బాగోకపోయినా, ఇంటికి రావడం ఆలస్యమైనా, ఈ పిల్ల చెయ్యి ముందు ఈ ముడి మీదికే వెళ్తుంది. ఎవరితోనూ అనదు, తనలో తనే అనుకుంటుంది. నాగసుధ తన నల్లపూసలు తనే గుచ్చుకుంది, ముత్తైదువుగా ఉన్నప్పుడే. అయినా పలాస ఆసుపత్రిలో కూర్చుని, ఎక్కడ తప్పు గుచ్చానా అని ఒక్కొక్క పూసే తడుముకుంది.

"కాదమ్మా," అంది. "నాను సెయ్యెట్టలేదు. భారతే సేసింది."

ప్రమోదిని గొలుసు వదిలేసింది.

"నాకు మాటిచ్చినావు," అంది. లోపలినుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

సాయంత్రం అత్తవారి కారు ఎక్కే ముందు ప్రమోదిని పెద్దవాళ్లందరి కాళ్లకీ దండం పెట్టింది. నాగసుధ కాళ్లకీ పెట్టింది. మిగతావాళ్ల దగ్గర ఏడ్చింది, ఆమె దగ్గర ఏడవలేదు.