వంత లేని పద్యం

పొరపాటు స్పందనదే. పద్యం చదవకముందే దాని తరఫున క్షమాపణ చెప్పేసింది.

“ఇదేమంత గొప్ప కవిత్వం కాదు. అయినా చరిత్ర తెలియాలి కాబట్టి చదువుదాం” అంది క్లాసులో. వడ్డించే మనిషే “ఉప్పు తక్కువైంది, ఏమనుకోకండి” అంటే ఇంక ఎవరు ఇష్టంగా తింటారు? విద్యార్థులు కాగితాల మీదికి తలలు వంచి మౌనంగా చదివారు. చదివారో, చదివినట్టు కూర్చున్నారో. చివరికి ఒకబ్బాయి చెయ్యెత్తి, “ఇది పరీక్షలో వస్తుందా?” అని అడిగాడు.

అది న్యూజెర్సీలో ఒక కౌంటీ కాలేజీ. అమెరికా సాహిత్యం కోర్సులో మొదటి రెండు వారాలు తొలినాటి కవిత్వానివి. సముద్రం దాటి వచ్చి స్థిరపడినవాళ్లు రాసుకున్న పద్యాలు. చర్చిలో పాడుకునేవి, శవపేటికకు గుచ్చేవి, సమాధి రాళ్ల మీద చెక్కేవి, పంచాంగంలో ఒక్కో నెల నెత్తిన అచ్చువేసేవి. స్పందన ఎం.ఏ.లో రెండేళ్లు వీటితోనే గడిపింది. నల్గొండలో వాళ్లింట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తను. అమెరికా వెళ్లి పద్యాలు చదువుతోందంటే చుట్టాలకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. “కోడింగ్ రాలేదా బిడ్డా?” అని జాలిపడతారు.

ఆ రోజు వెనక వరసలో డిపార్ట్‌మెంట్ పెద్ద ప్రొఫెసర్ లోగన్ కూర్చుని ఉంది. క్లాసు ఖాళీ అయ్యాక దగ్గరికొచ్చింది.

“తప్పు నీది కాదులే. ఈ పద్యాలంతే. వచ్చే ఏడాది నుంచి ఈ రెండు వారాలూ తీసేసి, నేరుగా పంతొమ్మిదో శతాబ్దంతో మొదలుపెడదామని కమిటీ అనుకుంటోంది. మంగళవారం క్లాసు కూడా చూసి, నా మాట చెప్తాను.”

“కానీ మొదలంటూ ఇవే కదా, ప్రొఫెసర్.”

“ముందు రావడం ఒక్కటే అర్హత కాదు, స్పందనా.”

పార్సిప్పనీలో ఇంటి దాకా కార్‌లో ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే వచ్చింది.

ఇంట్లో భర్త రాకేష్ ఆఫీస్ కాల్ ముగించి హెడ్‌ఫోన్స్ తీశాడు. “ఏమైంది? మొఖం అట్ల పెట్టినవ్?”

“నా పద్యాల్ని కోర్సులకెల్లి తీసేస్తరట.”

“మంచిదే కదనే. పాపం, పిల్లలు బతికిపోతరు.” ఆమె నవ్వకపోయేసరికి తగ్గాడు. “జోక్ చేసిన. అసలు ఆ పద్యంల ఏముందో నాకెప్పుడన్న చెప్పినవా?”

చెప్పలేదు. ఆ రోజు క్లాసులో చదివించింది, చలికాలంలో బిడ్డ చనిపోయిన ఒక తల్లి రాసిన పద్యం. రాసినామె పేరు ఎవరికీ తెలియదు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి పార దిగలేదు. “మంచు కరగనీ అంటున్నారు ఊరివాళ్లు, అందాకా నా బిడ్డనెక్కడ పడుకోబెట్టను?” అని అడుగుతుంది. ప్రతి చరణం చివరా అదే ప్రశ్న. మొదటిసారి చదివినప్పుడు జెర్సీ సిటీ రైల్లో, దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా స్పందనకు తెలియలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ క్లాసులో చెప్పలేదు. పండితులందరూ “ముతక లయ, బలవంతపు ప్రాసలు” అని తేల్చేసిన దాన్ని చూసి కళ్లు చెమ్మగిల్లాయని చెప్పడం చదువుకున్నవాళ్ల లక్షణం కాదనుకుంది.

శనివారం సాయంత్రం సుబ్బులు ఆంటీ ఇంట్లో భజన. ఆవిడ తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆవిడ బేస్‌మెంట్‌లో నెలకోసారి తాళాలు మోగుతాయి, పులిహోర ఘుమఘుమలాడుతుంది. ఈసారి ఎవరో పిల్లల కోసం పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ప్రింట్ చేసి తెచ్చారు. పిల్లలు కాగితం చూసి కూడబలుక్కుంటూ వెనకబడిపోతున్నారు. అవని అనే అమ్మాయి విసుగ్గా, “ఆంటీ, ఐ డోంట్ గెట్ ఇట్. నాకు రావట్లేదు” అంది.

“రాక ఎక్కడికి పోతుందమ్మా? ఆ కాగితాలు అవతల పడెయ్యండర్రా” అంది సుబ్బులు. “నేనంటాను, మీరందుకోండి. తప్పొస్తే దేవుడు మీ గ్రేడ్ ఏం తగ్గించడులే.”

ఆవిడ ఒక పంక్తి అంది. పిల్లలు అందుకున్నారు. యాసలు అటూ ఇటూ పోయాయి, శ్రుతి సంగతి సరేసరి. నాలుగో పంక్తికల్లా కింద నేలంతా అదిరింది. అవని కళ్లు మూసుకుని తాళం వేస్తోంది.

స్పందన చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది.

ఇది తనకు తెలుసు! తెలియక కాదు. ఆ రోజుల్లో చాలా చర్చిల్లో అందరికీ పుస్తకాలు ఉండేవి కావు, అందరికీ చదువూ వచ్చేది కాదు. ఒక పెద్ద ముందు పంక్తి అనేవాడు, జనం దాన్ని అందుకుని సాగదీసి పాడేవారు. తన థీసిస్‌లో ఇరవయ్యో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఈ ముక్క రాసింది కూడా. రాసి, మళ్లీ పద్యాన్ని కాగితం మీద పెట్టి కళ్లతోనే చదివింది, చదివించింది. వంత పాడాల్సిన పద్యాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి, రుచి లేదని దాన్నే తిట్టినట్టయింది.

మంగళవారం క్లాసులో కాగితాలు పంచలేదు.

“నేనొక పంక్తి అంటాను. మీరు అందుకోవాలి. నా గొంతు బాగుండదు” అంది, మళ్లీ క్షమాపణ చెప్పబోతున్నానని తెలిసి ఆగింది. ఆ కాలపు చర్చి బాణీలో మొదటి పంక్తి పాడింది.

ఎవరూ నోరు తెరవలేదు. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. లోగన్ పెన్ను మూత తీసింది.

స్పందన అదే పంక్తి మళ్లీ పాడింది.

వెనక నుంచి ఒక బరువైన గొంతు దాన్ని అందుకుంది. డెనీస్. పగలు నర్సింగ్ హోమ్‌లో పనిచేసి, సాయంత్రం చదువుకోవడానికి వచ్చే నలభై ఏళ్ల మనిషి. ఒక్కో మాటనూ పొడుగ్గా లాగి, వంచి, దించింది. పాడి, అందరూ తనవైపే చూస్తుంటే భుజాలెగరేసింది. “ఏంటలా చూస్తారు? నార్త్ కరొలినాలో మా నానమ్మ చర్చిలో ఇప్పటికీ ఇంతే. పుస్తకాలుంటాయి, ఎవరూ తెరవరు.”

రెండో పంక్తికి నలుగురు కలిశారు. మూడోదానికి సగం గది. అప్పుడు ఆ ప్రశ్న వచ్చింది. స్పందన అడిగింది, గదంతా అడగాల్సి వచ్చింది. అందాకా నా బిడ్డనెక్కడ పడుకోబెట్టను? కిసుక్కుమన్న అమ్మాయి ఆ పంక్తి అనలేకపోయింది. రెండో చరణంలో మాత్రం అంది.

పాట ఆగాక, పరీక్షలో వస్తుందా అని అడిగిన అబ్బాయే మాట్లాడాడు. “లయ ఇంత మొరటుగా ఎందుకుందా అనుకున్నాను. పాడటం రాని వాళ్లు కూడా పట్టుకోవడానికా?”

“మరి ప్రశ్న ప్రతిసారీ ఎందుకొస్తుందంటావు?”

“ఆమె ఒక్కతే అడగకుండా.”

క్లాసయ్యాక లోగన్ కోటు తొడుక్కుంటూ అంది: “బాగుంది. కానీ మంచి గొంతు ఎంత నాసి పద్యాన్నైనా నిలబెడుతుంది. నిజం చెప్పు, ఇది మంచి పద్యమేనా?”

స్పందన తడుముకోలేదు. “రెండో చరణం బాగాలేదు. ప్రాస కోసం ఒక మాట ఇరికించింది. మిగతాదాన్ని మనం తప్పు కొలతతో కొలుస్తున్నాం. ఒంటరి పాఠకుడి కోసం రాసిన కవిత్వం తర్వాతెప్పుడో వచ్చింది. దాంతో దీన్ని కొలిచి పొట్టిదంటున్నాం. ముందొచ్చింది కాబట్టి ఉంచమనడం లేదు. ఇది చేసే పని వేరు కాబట్టి ఉంచమంటున్నాను.”

లోగన్ తలుపు దగ్గర నిలబడిపోయింది. “రెండు వారాలకు కమిటీని ఒప్పించలేను. ఒక వారం అడుగుతాను. ఆ భాగానికి పరిచయం కొత్తగా రాయాలి. నువ్వు రాయి.”

ఒక వారమంటే పంచాంగం పద్యాలు పోతాయి. సమాధి రాళ్లూ సగం పోతాయి. సంతోషించాలో బాధపడాలో తేలక, రెండూ మోసుకుని ఇంటికొచ్చింది.

కుక్కర్ పెట్టి లాప్‌టాప్ తెరిచింది. వేళ్లు వాటంతటవే కొట్టాయి: “ఈ పద్యాలు గొప్పవి కాకపోయినా...” చూసుకుని, మొత్తం చెరిపేసింది. మళ్లీ మొదలుపెట్టింది: “వీటిని ఒంటరిగా చదవకండి. ఒకరు ముందు అనండి, మిగతావాళ్లు అందుకోండి.”

రాకేష్ వెనక నిలబడి చదివాడు. “ఇక్కడ మిగతావాళ్లంటే నేనొక్కన్నే కదా?”

“నీకు పద్యాలు పడవు కదా.”

“నువ్వను, నేనందుకుంట.”

ఆమె అంది. అతను అందుకున్నాడు. బాణీ రెండో మాటకే తప్పిపోయింది, ఇద్దరూ నవ్వారు. ప్రశ్న దగ్గరికొచ్చేసరికి అతను అనకుండా ఆగిపోయాడు. కుక్కర్ కూత పెట్టింది. స్పందన ఎదురుచూసింది.

“మళ్లొకసారి అను” అన్నాడు రాకేష్.